ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు రాదు? నిమ్మకాయతో చూపించబోయి ఇరుక్కున్నాను

రాయగడ టిఫిన్:
మాది రాయగడలో చిన్న టిఫిన్ హోటల్. పాప ఏడో తరగతి, ఒడియా మీడియం. 2025 సెప్టెంబర్ 7 రాత్రి చంద్రగ్రహణాన్ని మబ్బుల సందున చూసింది. పదకొండయ్యేసరికి చంద్రుడు ఇటుక రంగుకి తిరిగాడు. మా అమ్మ ఆవకాయ జాడీ మీద దర్భలు వేసి లోపలే కూర్చుంది, పాప మాత్రం డాబా దిగితే ఒట్టు.

నెల తిరిగేసరికి కుమార పూర్ణిమ. స్నేహితురాళ్ళతో చంద్రుడికి మొక్కి వచ్చి, "నాన్నా, ఇదీ పున్నమే కదా, మరి గ్రహణం ఏదీ?" అంది.

నాకు తెలిసిందే కదా అని ఇడ్లీ ప్లేట్లు జరిపి, బల్బు వెలిగించి, కొబ్బరికాయ భూమి, నిమ్మకాయ చంద్రుడు అన్నాను. తిప్పాను. నిమ్మకాయ వెళ్ళి కొబ్బరికాయ నీడలో పడింది. ఎన్నిసార్లు తిప్పినా అంతే, నెలకో చంద్రగ్రహణం, నెలకో సూర్యగ్రహణం! "నువ్వే తప్పు తిప్పుతున్నావు" అంటుంది. ఈలోగా సాంబారు అడుగంటింది. నా తప్పెక్కడో చెప్పండి.

ఇంకోటి. వాళ్ళ పుస్తకంలో గ్రహణాన్ని 'పరాగ' అంటారు. పరాగం అంటే పువ్వుల పుప్పొడి అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

పర్లాకిమిడి టీచరమ్మ:
కాయలు సరిగ్గానే తీసుకున్నారు, దూరమే తప్పింది. వెయ్యి కిలోమీటర్లను ఒక సెంటీమీటరు అనుకోండి. భూమి 13 సెంటీమీటర్ల కొబ్బరికాయ, చంద్రుడు మూడున్నర సెంటీమీటర్ల చిన్న నిమ్మకాయ. వాటి మధ్య దూరం ఎంతో తెలుసా? దగ్గర దగ్గర నాలుగు మీటర్లు! మీరు టేబుల్ మీద జానెడు దూరంలో తిప్పారు, నీడలో పడక ఏం చేస్తుంది?

భూమి చుట్టూ చంద్రుడు తిరిగే దారి, సూర్యుడి చుట్టూ భూమి తిరిగే దారికి 5 డిగ్రీలు వాలి ఉంటుంది. 5 డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ నాలుగు మీటర్ల దూరాన అది 33 సెంటీమీటర్ల ఎత్తో పల్లమో అవుతుంది. అక్కడ కొబ్బరికాయ చిక్కటి నీడ వెడల్పు 9 సెంటీమీటర్లే. అందుకే నిమ్మకాయ చాలా పున్నములకు నీడకి పైనుంచో కిందనుంచో జారిపోతుంది. మీ కుమార పూర్ణిమనాడు సుమారు జానెడు ఎడంగా పోయింది. రెండు దారులూ కలిసే చోట పున్నమి పడితేనే గ్రహణం. ఆ కుదురు ఆరు నెలలకోసారి వస్తుంది. సెప్టెంబర్ తర్వాత మళ్ళీ 2026 మార్చి 3నే. ఆ సాయంత్రం మన వైపు చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడు.

బల్బు తీసేయండి. ఎండ వాలాక వీపు సూర్యుడి వైపు పెట్టి, కొబ్బరికాయ నీడని నాలుగు మీటర్ల అవతలి గోడ మీద పడనివ్వండి. మధ్యలో చిక్కగా, చుట్టూ పలచగా ఉంటుంది. చిక్కటిది ప్రచ్ఛాయ, పలచటిది ఉపచ్ఛాయ. పరీక్షలో ఇవే అడుగుతారు.

పరాగ సంగతి: సంస్కృతంలో ఉపరాగం అంటే గ్రహణమే. సంకల్పంలో "సూర్యోపరాగ" అనే మాట మీ అమ్మగారు వినే ఉంటారు.

బరంపురం పెద్దాయన:
సూర్యగ్రహణం మాటేమిటని పాప అడగకపోదు. అప్పుడు నిమ్మకాయ నీడ కొబ్బరికాయ మీద ఎంత పడుతుందో చూపించు బాబూ. ఆవగింజంత! అందుకే చంద్రగ్రహణం సగం భూమికి కనబడితే, సంపూర్ణ సూర్యగ్రహణం సన్నటి దారి మీద ఉన్నవాళ్ళకే.

ఆ ఆవగింజ 1980 ఫిబ్రవరి 16న మా ఊరి మీదుగా పోయింది. అంకోలా దగ్గర నేలకెక్కి, పూరీ దగ్గర సముద్రంలో దిగింది. నేనప్పుడు ఎనిమిదో తరగతి. హైదరాబాద్ పక్కన రంగాపూర్‌లో సైంటిస్టులు టెలిస్కోపులతో చూస్తుంటే మా ఇంట్లో కిటికీ సందులకు కూడా గుడ్డలు కుక్కారు. నాలుగు కావస్తుంటే కాకులు గూళ్ళకు పోతున్న చప్పుడు విన్నాను. చూసింది మాత్రం ఏమీ లేదు. ఆ కోపం ఇంకా పోలేదు.

కొరాపుట్ కాకా:
సూర్యగ్రహణానికి ఎక్స్‌రే ఫిల్మూ, పళ్ళెంలో పసుపు నీళ్ళూ వద్దు, కళ్ళు పోతాయి. మీ హోటల్లో బూందీ గరిటె ఉందిగా! 2020 జూన్ 21 మధ్యాహ్నం మేము ఎండలో గరిటె పట్టుకుని నేలకేసి చూశాం. ఒక్కో చిల్లు కింద ఒక్కో కొరికిన సూర్యుడు. గరిటెలోంచి పైకి చూడకూడదు, నేల మీదే చూడాలి.

రాయగడ టిఫిన్:
అందరికీ దండాలు. పొద్దున్న ఇడ్లీ గిరాకీ, అందుకని సాయంత్రం నాలుగున్నరకి సందులో పెట్టాం. చిక్కటి నీడని పాప స్కేలుతో కొలిస్తే 9కి కొంచెం అటూ ఇటూ వచ్చింది. నిమ్మకాయని దారానికి కట్టి జానెడు పైనుంచి పోనిచ్చాం, నీడ దాన్ని తాకనే లేదు. టీచరమ్మగారూ, సూర్యుడిని కూడా లెక్క కట్టేసింది. 14 మీటర్ల గుండు, ఒకటిన్నర కిలోమీటర్ల అవతలట. సరేనా?

ఎరుపు రంగు మాత్రం మీరెవరూ చెప్పలేదు, పాపే చెప్పింది. భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వెళ్ళే సూర్యకాంతిలో ఎరుపే ఎక్కువ మిగులుతుందట, సాయంత్రం ఆకాశంలోలాగే.

ఇంతకీ కొబ్బరికాయ పట్టుకున్నది మా అమ్మ. ఇవాళ గ్రహణం లేదు కాబట్టి అభ్యంతరం లేదట.