పుట్టపాకలో చిటికి కట్టడం, రంగు, మగ్గం ఒకే ప్రయాణంలో చూడటం ఎలా?

నూలుకు ముందే ముడులు కట్టి రంగు వేసి నేసే ఇక్కత్ పనికి పేరున్న తెలంగాణ ఊరు పుట్టపాకకు, డిసెంబర్‌లో ఇద్దరం రెండు పగళ్లు, ఒక రాత్రి ఉండేలా వెళ్దామనుకుంటున్నాం. చీరల కోసం కాదు. ఆసు పోయడం (నూలును మేకుల చుట్టూ వరసగా చుట్టడం), చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట నూలుకు ముడి బిగించడం), రంగులో ముంచడం, మగ్గం మీద నేయడం, ఈ వరస మొత్తం చూడాలి.

ఇదే పని మీద భూదాన్ పోచంపల్లికి రెండుసార్లు వెళ్లాం. మొదటిది ఆదివారం పదకొండింటికి, చాలా మగ్గాలు ఖాళీ. రెండోది బుధవారం ఉదయం పదికి. ఒక మగ్గం పావుగంట చూపించి దుకాణంలోకి తీసుకెళ్లారు. తడి నూలు ఎక్కడా కనపడలేదు. ముందే ఫోన్ చేసి అడిగినా గంట ప్రదర్శనే ఉంటుందన్నారు.

కారణం అర్థమైంది. ఇక్కత్‌లో రంగు పని మగ్గం ఎక్కకముందే అయిపోతుంది, పైగా మగ్గానికి ఎక్కించిన ఒక్క పడుగు (నిలువు నూలు) మీద చాలా చీరలు నేస్తారు. అంటే మగ్గం ఆడుతున్న ఇంట్లో ఆ రోజు రంగు పని ఉండకపోవచ్చు. సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించిన ముడి విప్పగానే రంగు మధ్య తెల్లటి నూలు బయటపడుతుంది చూడండి, మాకు కావలసింది ఆ నిమిషం.

పుట్టపాక ఎంచుకున్నది తేలియా రుమాలు అనే నూనె పట్టించిన నూలు ఇక్కత్ కోసం. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ నేతలో నూలును నూనె, ఆముదపు కాయల బూడిద నీళ్లలో మళ్లీ మళ్లీ నానబెడతారు. మా వల్ల ఎవరి పనైనా ఆగితే ఆ పూట కూలి ఇస్తాం.

రంగు పని ఏ ఇంట్లో ఏ రోజు పడుతుందో వారం ముందే తెలుసుకోవాలంటే ఊళ్లో ఎవరిని అడగాలి: సహకార సంఘాన్నా, నేతవాళ్లకు నూలు ఇచ్చి పని చేయించే మాస్టర్ వీవర్‌నా, రంగులు వేసేవాళ్లనా?