జులై ఎండలో ‘ది వేవ్’ నడక: అనుమతి దొరికింది కనుక వెళ్ళవచ్చునా?

ప్రశ్న (సిరొంచా నుండి)

సాల్ట్ లేక్ సిటీలో రెండేళ్ళుగా ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి, యూటా, అరిజోనా రాష్ట్రాల సరిహద్దులో ఉన్న ‘ది వేవ్’ అనే ఇసుకరాతి ప్రదేశాన్ని చూడడానికి లాటరీలో అనుమతి వచ్చింది. రోజుకు 64 మందినే పంపుతారు కనుక దానిని వదులుకోవడానికి అతడు ఇష్టపడటం లేదు. తేదీ జులై మూడో వారంలో పడింది. రానూపోనూ సుమారు 10 కిలోమీటర్ల నడక. వేసిన బాట లేదు, తాగునీరు లేదు, చెప్పుకోదగిన నీడ లేదు. "మే నెలలో 45 డిగ్రీలు చూసిన సిరొంచావాడిని, నాకేమవుతుంది మామయ్యా" అంటున్నాడు. వెళ్ళనివ్వడమా, ఆపడమా, అనుభవజ్ఞులు చెప్పగలరు.

బల్లార్షా నుండి

వెళ్ళనివ్వండి. ఆ నున్నటి బండలను అక్కడ స్లిక్‌రాక్ అంటారు. గుర్రాల ఇనుప నాడాలు జారడం వల్ల ఆ పేరు వచ్చిందంటారు గాని, పొడిగా ఉన్నంతవరకు రబ్బరు అడుగు ఉన్న బూటుకు ఆ గరుకు రాయి మంచి పట్టునే ఇస్తుంది. 10 కిలోమీటర్లు పడుచువాడికి పెద్ద దూరం కాదు. బొగ్గు గనుల ఊళ్ళలో పెరిగిన మనకు ఎండ కొత్తదీ కాదు.

అహేరి నుండి, ఒక ఉపాధ్యాయిని

అన్నగారి చివరి మాటతో నేను ఏకీభవించలేను. మన వైపు మే నెలలో తునికాకు కోసేవారిని చూడండి. వారు తెల్లవారకముందే అడవికి వెళ్ళి, ఎండ ముదరకముందే ఇల్లు చేరి, మధ్యాహ్నమంతా నీడలో కూర్చుని కట్టలు కట్టి, పొద్దు వాలాక కల్లానికి తీసుకువెళ్తారు. మనకున్న అలవాటు ఇదే. నడినెత్తిన సూర్యుడు ఉండగా బండల మీద నడిచే అలవాటు మనలో ఎవరికీ లేదు. పైగా వేడికి శరీరం సర్దుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ఏసీ గదిలో కొన్ని వారాలు గడిపితే ఆ సర్దుబాటు పోతుంది. రెండేళ్ళుగా ఆఫీసులో కూర్చున్నవాడు సిరొంచా ఎండను తనతో మోసుకుపోలేదు. అక్కడి పొడి గాలిలో చెమట పట్టిన క్షణంలోనే ఆరిపోతుంది కనుక ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు, బండ కింది నుండి వేడి చిమ్ముతూనే ఉంటుంది.

2013 జులైలో ఆ దారిలోనే ముగ్గురు మరణించారు. మొదట ఒక వృద్ధ దంపతులు, ఆ తరువాత అదే నెలలో 27 ఏళ్ళ యువతి. ఆమె, ఆమె భర్త తిరుగు ప్రయాణంలో దారి తప్పారు. వయసు మీద అంత ధీమా వద్దని నా మనవి.

బల్లార్షా నుండి

అమ్మా, అలవాటు గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. అయితే తునికాకు కోసేవారు అడవికి వెళ్ళడం మానలేదు కదా, వేళ మార్చుకున్నారు. ఇతడూ తొలి వెలుగుకే బయలుదేరి, చేరినా చేరకపోయినా ఎనిమిదిన్నరకు వెనుదిరిగితే చాలు. మనిషికి కనీసం 4 లీటర్ల నీరు, ఉప్పు కలిసిన తిండి, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి, ఎందుకంటే ఉప్పు లేకుండా ఉత్త నీరే అదే పనిగా తాగినా ప్రమాదమే. ఆకాశం మబ్బు పట్టి ఉంటే అసలు బయలుదేరకూడదు. తడిస్తే ఆ ఇసుకరాయి మెత్తబడి విరుగుతుంది, అక్కడి మట్టి రోడ్డు బురదై కారును కదలనివ్వదు.

అహేరి నుండి

వేళ మార్చుకోవడం మంచిదే. కాని నన్ను ఎక్కువగా భయపెట్టేది తిరుగుదారి. వెళ్ళేటప్పుడు ఎదురుగా కనిపించిన కొండ గుర్తులు వచ్చేటప్పుడు వీపు వెనుక ఉంటాయి. బండ మీద అడుగుజాడ పడదు. అనుమతితో పాటు ఇచ్చే ఫొటోల పటాన్ని కాగితం మీదే ఉంచుకుని, ప్రతి మలుపులో ఒకసారి వెనక్కి తిరిగి చూసి గుర్తుపెట్టుకోవాలి. ఎవరో పేర్చిన రాళ్ళ కుప్పలను నమ్మకూడదు, తాను పేర్చకూడదు. ఎక్కిన బండ దిగగలనా అని ఎక్కకముందే చూసుకోవాలి. మరొకటి: వేసవిలో యూటా గడియారం అరిజోనా కంటే గంట ముందుంటుంది. నడక యూటాలో మొదలై అరిజోనాలో ముగుస్తుంది కనుక ఫోన్ ఏ సమయం చూపుతుందో చెప్పలేము. ఎనిమిదిన్నర అన్నది చేతి గడియారంలో యూటా సమయంగానే ఉండాలి. ఇంత చేసినా, జులై అనుమతిని వదిలి అక్టోబరుకు మళ్ళీ లాటరీ వేయడమే నా అభిప్రాయం.

సిరొంచా నుండి

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాత్రి అతడితో మాట్లాడాను. వదులుకోనన్నాడు గాని, ఒంటరిగా వెళ్ళనని, స్నేహితుడిని వెంట తీసుకుని ముందురోజే కనాబ్ ఊరికి చేరుతానని మాట ఇచ్చాడు. ఫోన్ అందే చోటికి యూటా సమయం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వచ్చి నాకు చెప్పాలి. మనకు అప్పుడు రాత్రి పన్నెండున్నర. అప్పటికి కబురు రాకపోతే పిలవడానికి అక్కడి షెరిఫ్ కార్యాలయం నంబరు, కారు నంబరు, ఇద్దరి చొక్కాల రంగు ముందే పంపమన్నాను.