సమస్య: "అరువదేండ్ల పిల్ల యాట నేర్చె"

నిర్వాహకుడు (అనంతపురం):
మా వీధిలో సాయంకాలం పెద్దలకు మొదటి పాఠాలు చెప్పే నాట్యం క్లాసు ఒకటి మొదలైంది. నిన్న వెనుక వరుసలో తెల్లజుట్టు ఆమె ఒకరు కుడికాలు, ఎడమకాలు మార్చి మార్చి తట్టుతూ, "తెయ్య తెయ్" దగ్గర తడబడి, తనంతట తానే మళ్ళీ మొదటికి వచ్చి నిలబడడం చూశాను. ఆమెను చూస్తూ ఉండగానే ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. ఉదయం "నేర్చె"ను "నేర్పె"గా మార్చి పంపిన పూరణాన్ని తీసివేశాను, సమస్యను ముట్టుకోకూడదు.

ధర్మవరం తమ్ముడు:

గజ్జె కట్టి నేడు కాలు గదిపినంత
తప్పెఁ దాళ మపుడు "తట్టు పిల్ల
మరల నొక్కసారి" మందలించె గురువు
అరువదేండ్ల పిల్ల యాట నేర్చె

తాడిపత్రి అక్క:
తమ్ముడూ, చేరినవాళ్ళు ఎంతటి వయసువాళ్ళయినా గురువు నోట పిల్లలే అవుతారన్న విరుపు చక్కగా కుదిరింది. అయితే మొదటి అడుగులు తట్టే రోజున గజ్జె ఎక్కడిది? నేను నలభై ఎనిమిదేండ్లకు భరతనాట్యం క్లాసులో చేరినాను. మొదట నేర్పే తట్టడవు మూడు కాలాలలో, అంటే మూడు వేగాలలో వచ్చి, ఆపైన మిగిలిన అడవులన్నీ (అడుగుల వరుసలన్నీ) కుదిరి, గజ్జెపూజ జరిగితేగాని గజ్జె కాలికి ఎక్కదు. ఇప్పటికీ నాది ఉత్త పాదమే.

కదిరి అయ్యవారు:
అక్క చెప్పినది నిజం. "కొంగు దోపి నేడు" అని మార్చుకుంటే సరిపోతుంది.

హిందూపురం పెద్దాయన:
అయ్యవారూ, "కొం"కు "కా"తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో ఉండవలసిన పొత్తు, ఎట్లా కుదిరిందో సెలవివ్వండి. పోయిన నెల చెఱువు మీద ఇచ్చిన సమస్యలోనూ మీరు ఒకారానికి ఆకారాన్ని జత చేసి, నేను చూపిస్తే అచ్చుతప్పన్నారు. "కచ్చ గట్టి నేడు కాలు గదిపినంత" అంటే యతీ నిలుస్తుంది, అడుగులు సాధన చేసేటప్పుడు కట్టే చీరకట్టూ పద్యంలోకి వస్తుంది. ఇక నా పూరణం:

మూడు కాళ్ళ భృంగి ముదమార నేర్పంగ
రంభ యాడె నచట రాతి మీద
కర్రతోడ మూడు కాళ్ళాయె నవ్వకు
అరువదేండ్ల పిల్ల యాట నేర్చె

"అచట" అన్నది మా లేపాక్షి నాట్యమండపం. నిలువలేని తన భక్తుడు భృంగికి శివుడు మూడవ కాలు ఇచ్చాడని కథ. ఆయనే ఆ మండపంలో నాట్యాచార్యుడై రంభ ఎదుట నిలిచి ఉన్నాడు. విజయనగర కాలపు శిల్పి పదహారవ శతాబ్దంలోనే మూడు కాళ్ళవాడిని గురువుగా నిలిపినప్పుడు, చేతికర్ర పట్టుకొని వచ్చిన అవ్వను ఏ క్లాసు వద్దంటుంది?

ధర్మవరం తమ్ముడు:
"కచ్చ గట్టి" తీసుకున్నాను, పెద్దాయనకు దండం. "ఆయెను, అవ్వకు" అని ఒక విరుపు, "ఆయె, నవ్వకు" అని ఇంకొక విరుపు! నేను నాలుగుసార్లు చదివిన తరువాతగాని రెండవది కంటపడలేదు.

కదిరి అయ్యవారు:
శ్లేష గొప్పది, ఒప్పుకుంటాను. కానీ "కాళ్ళ" తరువాత "భృం" రావడం వలన "ళ్ళ" గురువై, అంటే బరువు అక్షరమై, రెండవ గణం చెడలేదా?

హిందూపురం పెద్దాయన:
చెడలేదు. భృలో ఉన్నది ఋకారం, అది అచ్చు. సంయుక్తాక్షరమే లేనప్పుడు వెనుక అక్షరం గురువు కావడానికి కారణమే లేదు. ఆ చెఱువు సమస్యకు మీరు పంపిన పద్యంలో "వాడు కృష్ణు" అన్నచోట "డు"ను మీరే లఘువుగా వేసుకున్నారు, అప్పుడు నేను మెచ్చుకున్నాను కూడా.

కదిరి అయ్యవారు:
నిజమే, ఆ మెప్పు గుర్తున్నది. ఆక్షేపణ వెనక్కి తీసుకుంటున్నాను.

తాడిపత్రి అక్క:
మా క్లాసులో ఒక పెద్దామె చేతికర్రను గోడకు ఆనించి వచ్చి వరుసలో నిలబడుతుంది. మోకాళ్ళ నొప్పి వలన అరమండి (మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ) లోతుగా కూర్చోలేదు, గురువుగారు వంగినంతే చాలంటారు. ఈ సాయంత్రం పాఠం అయిన తరువాత పెద్దాయన పద్యం ఆమెకు చదివి వినిపించాను. "కాళ్ళాయెను, అవ్వకు" అని చదివినప్పుడు ఊరకే విన్నది. "నవ్వకు" అని విరిచి మళ్ళీ చదివేసరికి తలయెత్తి, ఆ పాదం ఒక్కటి కాగితం మీద రాసిమ్మని అడిగింది. పెద్దాయన సరేనంటే రేపు నాలుగు పాదాలూ రాసి ఇస్తాను.