పిండ నమూనాలకు 14 రోజుల గీత ఉండాలా?

దేవరకొండ నర్సు:
అండం, వీర్యకణం లేకుండా శరీరంలోని ఏ రకం కణంగానైనా మారగల మూలకణాలతోనే, 14 రోజుల మానవ పిండాన్ని పోలిన నమూనాను ఇజ్రాయెల్‌లో జాకబ్ హన్నా బృందం పెంచింది. 2023 నాటి మాట అది. అసలు మానవ పిండాలను ల్యాబ్‌లో 14 రోజులు దాటి పెంచకూడదన్న హద్దు ఉంది. మరి ఇలాంటి నమూనాలను 14 రోజులు దాటి పెంచనివ్వాలా? నేను పెంచనివ్వాలనే అంటాను. మెదడు, వెన్నుపాముగా మారే నాడీనాళం నాలుగో వారం చివరికి మూసుకుపోవాలి. మూసుకోకపోతే బిడ్డ వెన్ను చీలికతో పుట్టవచ్చు. ఫోలిక్ యాసిడ్ ముందునుంచీ వాడితే చాలావరకు తప్పుతుందని 1991లోనే రుజువైంది. కానీ గర్భం సంగతి తెలిసి, మా దగ్గర పేరు రాయించుకుని, మాత్ర చేతికి వచ్చేసరికే ఆ గడువు దాటిపోతుంది. మాత్ర వాడినా కొందరు బిడ్డలకు లోపం ఎందుకు వస్తుందో 14వ రోజు నుంచి 28వ రోజు దాకా ఉన్న ఆ రెండు వారాల్లోనే వెతకాలి.

మర్రిగూడ రైతు:
సిస్టర్ గారూ, మా ఊళ్లలో నడుములు వంగిపోవడానికి ఫ్లోరైడ్ నీళ్లే కారణమని దశాబ్దాల కిందటే తేలింది. తెలిసినా మంచినీళ్లకు ఒక తరమంతా ఎదురుచూసింది. పరిశోధన పేరు చెబితే మాకు నమ్మకం ఎలా కలుగుతుంది? ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. రేపు ఎవరి చర్మకణాలో తీసుకుని, వాటిని మూలకణాలుగా మార్చి పిండం లాంటిది తయారుచేస్తే, ఆ మనిషికి ఎవరు చెబుతారు?

పాలమూరు జీవశాస్త్రం టీచర్:
14 రోజుల హద్దును 1984లో బ్రిటన్‌లో వార్నాక్ కమిటీ సూచించింది. మన దేశపు 2017 మూలకణ పరిశోధన మార్గదర్శకాలూ మానవ పిండాలకు అదే హద్దు పెట్టాయి. దాదాపు ఆ సమయంలోనే శరీర అక్షాన్ని సూచించే తొలి గీత ఏర్పడుతుంది. ఆ తర్వాత పిండం సాధారణంగా కవలలుగా విడిపోదు. నమూనాలు బిడ్డలు కాలేవని ధీమాగా ఉండలేం. చైనాలో కోతి పిండ నమూనాలను కోతుల గర్భంలో పెడితే గర్భధారణ సంకేతాలు కనిపించాయి, నిలవలేదంతే.

దేవరకొండ నర్సు:
టీచర్ గారూ, అందుకే ఏ గర్భంలోనూ పెట్టకూడదన్నది కఠిన నిషేధంగా ఉండాలి. అంతర్జాతీయ మూలకణ పరిశోధన సంఘం కూడా అలాగే నిషేధించింది. అన్నా, ఫ్లోరోసిస్‌కు మంచినీళ్లే మందు, ఈ నమూనాలు కావు. ఆ మనిషికి ఎవరు చెబుతారన్న మీ రెండో మాట నాకు చాలా బరువైనది. కణాలు ఇచ్చేవారికి ‘వీటితో పిండాన్ని పోలిన నమూనా చేస్తాం’ అని తెలుగులో చదివి వినిపించి, విడిగా సంతకం తీసుకోవాలి. కాదంటే తీసుకోకూడదు. ఆ షరతుతో 28వ రోజు వరకు అనుమతించాలి. ఒకప్పుడు గర్భిణులు వాడిన థాలిడోమైడ్ అనే మందు ఎలుకల్లో చూపని హాని పసివాళ్ల చేతులు, కాళ్లలో బయటపడింది. మందులను ముందు ఇలాంటి నమూనాలపై పరీక్షించగలిగితే ఆ భారం గర్భిణులపై పడదు.

మర్రిగూడ రైతు:
విడి సంతకం చట్టంలో రాస్తే ఒప్పుకుంటాను. మార్గదర్శకంగా ఉంచితే ఒప్పుకోను.