బాంజ్ ఓక్ ఆకు కింది తెలుపు నీటిరంగుల్లో ఎలా తేవాలి?

నమస్కారం అండీ. మాది విజయవాడ, సత్యనారాయణపురం. మూడేళ్లుగా మొక్కల బొమ్మలు వేస్తున్నాను. వేప, కానుగ అయితే తప్పు పోయినా వీధిలోకెళ్లి ఇంకో రెమ్మ తెచ్చుకోవచ్చు. బాంజ్ ఓక్ హిమాలయాల చెట్టు కదా, అలా కుదరదు. జనవరిలో మా అక్కావాళ్లు నైనీతాల్ వెళ్లి, దారిలో రాలిన రెమ్మ ఒకటి, రెండు కాయలు తెచ్చిపెట్టారు.

ఆకు అంచున రంపపు పళ్లు, పైన ముదురు ఆకుపచ్చ. తిప్పితే తెల్లటి సన్నని నూగు, వేలికి మెత్తగా తగులుతుంది. ఆ తెలుపే రావడం లేదు. పలచగా బూడిదరంగు వేస్తే దుమ్ము పట్టినట్టుంది, కాగితం తెల్లగా వదిలేస్తే ఈనెలు కనపడట్లేదు. తెల్లరంగు పూస్తే అతికించినట్టుంటుంది, నాకిష్టం లేదు. పైగా ఈ ఎండలకి వాష్ (నీళ్లతో పలచగా పరిచే రంగు) సగంలోనే ఆరిపోతోంది.

ఇలాంటి నూగు ఆకులు వేసినవాళ్లు ఏ రంగుతో మొదలుపెట్టారో చెప్పండి. నైనీతాల్, ముస్సోరీ వైపున్న తెలుగువాళ్లెవరైనా చెట్టు మీది ఆకు కింది వైపు, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపగలరా? నా దగ్గరున్నది ఎండి ముడుచుకుపోయింది. కాయకి టోపీలా ఉండే గిన్నె మీది పొలుసులు మాత్రం భూతద్దం పెట్టి వరుసవరుసా లెక్కపెట్టి వేశాను, అవి బాగా వచ్చాయి.