అడగకపోతే తుప్పు సంగతి చెప్పక్కర్లేదా?

వాల్తేరు వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

మా బావమరిది పెందుర్తిలో ఉంటాడు. ఆన్‌లైన్‌లో వెతికి లాసన్స్ బే కాలనీలో ఒక ఫ్లాట్ వాళ్ల దగ్గర ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ కొన్నాడు. వాళ్లు 18 వేలు అడిగితే 14కి తెగింది. చూడ్డానికి వెళ్లినప్పుడు ఆన్ చేసి చూపించారు, గది చల్లబడింది, అక్కడే డబ్బు కొట్టేశాడు. తెచ్చి బిగించిన రెండో వారానికి ఫ్యాన్ గాలే తప్ప చల్లదనం లేదు. మెకానిక్ వచ్చి, బయట బిగించే ఔట్‌డోర్ యూనిట్ కవర్ విప్పితే, వెనక కాయిల్ రేకులు ముట్టుకున్న చోటల్లా అప్పడం ముక్కల్లా రాలిపోయాయట. ఆ ఏసీ ఇన్నాళ్లూ సముద్రం వైపు బాల్కనీలోనే ఉంది.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే ఒకటే మాట: "మీ ముందే ఆన్ చేశాను. తుప్పు ఉందా అని మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

ఇంట్లో దీని మీద రెండు వర్గాలయ్యాయి. నా మాట ఏంటంటే, విశాఖలో అమ్మేవాడు ఈ సంగతి అడక్కుండానే చెప్పాలి. బీచ్ రోడ్, పాండురంగాపురం, చిన వాల్తేరు, సాగర్ నగర్, రుషికొండ వైపు ఇళ్లలో ఇనుము ఎన్నాళ్లు నిలుస్తుందో అక్కడ ఉండేవాళ్లకు తెలిసినట్టు పెందుర్తి, కొత్తవలస వాళ్లకు తెలీదు. ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, బండి ఏది అమ్మినా "సముద్రం వైపు ఇల్లు" అని ప్రకటనలో ఒక ముక్క రాయాలా, వద్దా? మీరేమంటారు?

బేరం తెలిసినోడు

వద్దు. ఆ నాలుగు వేలు ఎందుకు తగ్గాయి గురూ? పాతది కాబట్టి, ఏముందో తెలీదు కాబట్టి. ఆ తెలీనితనానికే డిస్కౌంట్. డిస్కౌంట్ జేబులో వేసుకుని, తర్వాత గ్యారంటీ కూడా కావాలంటే షోరూమ్‌కి వెళ్లాలి.

నేను పాత సామాను చాలానే అమ్మాను. "సముద్రం వైపు" అని రాసిచూడండి, ఏం జరుగుతుందో. ఫోన్ చేసిన ప్రతివాడూ సగానికి అడుగుతాడు. వస్తువు బాగున్నా సరే. మా ఇంట్లో ఫ్రిజ్ వంటింట్లో గోడ పక్కనుంది, దానికి సముద్రపు గాలి తగల్లేదు. మరి నేనెందుకు నష్టపోవాలి? చూసుకోవాల్సింది కొనేవాడు. టార్చి తెచ్చుకోవద్దని ఎవరన్నారు?

గోపాలపట్నం ఏసీ మెకానిక్

నేను చేసే పనే ఇది కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఏమనుకోకండి.

ఔట్‌డోర్ కాయిల్‌లో రాగి గొట్టం, దాని మీద అల్యూమినియం రేకులు ఉంటాయి. రెండు వేరు లోహాలు ఆనుకుని ఉన్నచోట ఉప్పు తేమ పడితే ముందు తినుకుపోయేది అల్యూమినియం. తెల్లగా బూడిద పట్టినట్టు కనిపిస్తుంది, తర్వాత రాలిపోతుంది. నీలం రంగు పూత ఉన్న రేకులు కాస్త ఎక్కువ కాలం ఆగుతాయి, అంతే. బాల్కనీలో పెట్టుకున్నవాళ్లు అప్పుడప్పుడూ మంచినీళ్లతో మెల్లగా కడిగితే ఉప్పు పోతుంది. నేను వెళ్లే ఇళ్లలో ఆ పని చేసేవాళ్లు బహు తక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. పది నిమిషాలు ఆన్ చేసి చూస్తే ఏమీ తేలదు. గ్యాస్ కొంత తగ్గిన ఏసీ కూడా, బయట వేడి లేనప్పుడు, చిన్న గదిని చల్లబరుస్తుంది. కనీసం గంట నడపమనాలి. నడుస్తుండగా బాల్కనీలోకి వెళ్లి ఔట్‌డోర్‌లోకి వెళ్లే సన్నగొట్టం చూడాలి. దాని మీద మంచు కడుతుంటే గ్యాస్ తక్కువ ఉందన్నమాట. గొట్టాల వంపుల దగ్గర నూనె జిడ్డు ఉంటే లీకు, ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం బయటికొస్తుంది. ఔట్‌డోర్ వెనక వైపు టార్చి వేసి రేకులు చూడాలి. కింద ట్రేని వేలితో తట్టాలి, చప్పుడు బోలుగా ఉంటే అది ఇంకెంతో కాలం ఉండదు.

అయితే వాల్తేరు వాసి గారూ, ఒక ప్రశ్న. ఆ ఏసీ విప్పింది ఎవరు? విప్పేముందు పంప్ డౌన్ చేశారా? అంటే, సన్నగొట్టం వాల్వ్ మూసి, ఏసీ కొంచెంసేపు నడిపి, గ్యాస్ అంతా ఔట్‌డోర్‌లోకి లాగేసి, తర్వాత రెండో వాల్వ్ కూడా మూయాలి. ఆ పని సరిగ్గా చేయకుండా నట్లు విప్పేస్తే గ్యాస్ అక్కడే గాల్లో కలిసిపోతుంది. కొత్త ఇంట్లో రాగి గొట్టం చివర ఫ్లేర్ (నట్‌లో బిగుసుకునేలా అంచు వెడల్పు చేయడం) సరిగా కొట్టకపోయినా రెండు వారాల్లో ఖాళీ అవుతుంది. తుప్పు కళ్లకు కనిపించింది కదా అని తప్పంతా దాని మీదికి తోసేయకూడదు.

వాల్తేరు వాసి

మెకానిక్ గారూ, విప్పింది, బిగించింది మా బావమరిది పిలిచిన మనిషే. పంప్ డౌన్ చేశానంటున్నాడు. కానీ ఇంకో సంగతి ఉంది. ఔట్‌డోర్ కింద ట్రేకి, పక్క పలకలకు కొత్తగా తెల్ల పెయింట్ వేసి ఉంది. కొన్నప్పుడు "బాగా మెయింటెయిన్ చేశారు" అనుకున్నాడట మావాడు.

కాగితాల కామేశం

పెయింట్ వేశారా! ఇంత పెద్ద విషయం చివర్లో చెప్తారేంటండీ.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో సరిగ్గా ఈ గొడవే ఉంది, గుర్రం పేరుతో. ఒకడు వేలంలో గుర్రాన్ని అమ్ముతున్నాడు. దానికి జబ్బుందని తెలుసు, నోరెత్తలేదు. అది మోసం కాదంటుంది చట్టం. కొనేది అప్పుడే మేజర్ అయిన కన్నకూతురైతే మాత్రం చెప్పాలి. ఇంకో ఉదాహరణ ఉంది, నాకు అదే ఇష్టం: "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అని కొనేవాడు అన్నాడు, అమ్మేవాడు గమ్మున ఊరుకున్నాడు. అప్పుడు ఆ మౌనమే మాటతో సమానం. కాబట్టి కొనేవాళ్లకు నా సలహా: ఆ వాక్యాన్నే వాట్సాప్‌లో పెట్టండి. "మీరు ఏమీ చెప్పకపోతే లీకు, తుప్పు లేవనే అనుకుని తీసుకుంటున్నాను" అని. బేరం తెలిసినోడు గారి లాంటివాళ్లు అప్పుడు ఏం రాస్తారో చూద్దాం.

ఊరికే ఊరుకోవడం వేరు, తెలిసి కప్పిపెట్టడం వేరు. రెండోదాన్ని అదే సెక్షన్ మోసం కిందే లెక్కేసింది. తుప్పు కనబడకుండా పెయింట్ కొట్టడం కప్పిపెట్టడం కాకపోతే మరేంటి? 19వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉన్నమాట నిజమే: అమ్మేవాడి మౌనం మీద ఫిర్యాదైతే, మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టగలిగేదేనా అని చూస్తారు. కానీ ఆ మినహాయింపు మౌనానికి, పొరపాటు మాటకు. పెయింట్‌కి కాదు.

వస్తువుల అమ్మకాల చట్టం (1930) వల్ల పెద్దగా లాభం లేదు. అందులో నాణ్యత బాధ్యత ఎక్కువగా ఆ సరుకు వ్యాపారం చేసేవాడి మీద ఉంటుంది, ఇంట్లో పాత ఏసీ అమ్ముకునేవాడి మీద కాదు. అయినా 14 వేల కోసం కోర్టు మెట్లు ఎవరెక్కుతారు, అది వేరే సంగతి.

ఎంవీపీ కాలనీ అమ్మడు

కామేశం గారూ, మీ గుర్రం బాగుంది కానీ పెయింట్ విషయంలో తొందరపడ్డారు. మన ఊళ్లో పెయింట్ వేయడం దొంగతనం కాదండీ, అలవాటు. వానాకాలానికి ముందు గ్రిల్స్ గీకి రెడ్ ఆక్సైడ్ పూసి పైన రంగు వేయని ఇల్లు మా వీధిలో లేదు. గేటుకు వేసే మనిషి చేతిలో డబ్బా ఉంటే ఏసీ స్టాండుకీ, ఔట్‌డోర్‌కీ ఒక చుట్టు కొట్టించేస్తాం. హుద్‌హుద్ తర్వాత, 2014లో, ఇనుమనే ప్రతిదానికీ రంగులు వేయించాం. అదంతా మోసమా?

అసలు నిజం చెప్పి అమ్మితే ఏమవుతుందో చెప్తాను. నేను వాషింగ్ మెషిన్ అమ్మకానికి పెట్టినప్పుడు "వెనక పలక కింది అంచు తుప్పు పట్టింది, మోటార్ బాగుంది" అని ఫోటోతో సహా పెట్టాను. వచ్చిన మెసేజీల్లో తుప్పు గురించి అడిగినవాళ్లు ఒక్కరు లేరు. అందరిదీ ఒకటే పాట: "లాస్ట్ ఎంత మేడం?" రాసింది చదవరు, ఫోటో చూడరు, ఇంటికొచ్చి "అరె, తుప్పుందే" అని మళ్లీ ఐదొందలు తగ్గించమంటారు. చెప్పమని రూల్ పెట్టేముందు చదవమని రూల్ పెట్టండి.

గోపాలపట్నం ఏసీ మెకానిక్

అమ్మడు గారు చెప్పింది కరెక్టే. గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి రంగు వేస్తే అది కాపాడుకోవడం. తుప్పు పొలుసు మీదనే స్ప్రే కొట్టేస్తే అది అమ్మకం కోసం చేసిన పని. స్క్రూడ్రైవర్ మొనతో కనిపించని మూల కొంచెం గీస్తే తెలిసిపోద్ది. పొలుసుతో పాటు ఊడొస్తే సొగసుకి వేసిందే. కింద రెడ్ ఆక్సైడ్ పూత కనిపిస్తే బుద్ధిమంతుడు.

జగదాంబ జంక్షన్

అసలు ఈ ఏసీల కంటే "నేవీ ఆఫీసర్‌ని, ట్రాన్స్‌ఫర్ అయింది, అర్జెంట్‌గా అమ్మేస్తున్నా" అని క్యూఆర్ కోడ్ పంపేవాళ్ల గురించి మాట్లాడాలి బ్రో. ఇక్కడ నిజంగా నేవీ వాళ్లు ఎక్కువ కాబట్టి జనం టక్కున నమ్మేస్తారు. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పిన్ కొట్టారంటే డబ్బు పోతోందని అర్థం. పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వాల్తేరు వాసి

అది ముఖ్యమే తమ్ముడూ, కానీ దానికి వేరే చర్చ పెట్టు, ఇది పక్కదారి పడుతుంది.

పెయింట్ సంగతి వదిలేద్దాం, అమ్మడు గారి మాట నాకు సబబుగానే తోచింది. సముద్రం ఎంత దూరమో కూడా మ్యాప్‌లో కనిపిస్తుంది, తుప్పు టార్చి వేస్తే కనిపిస్తుంది. కానీ కొన్ని సంగతులు టార్చికి దొరకవు. గ్యాస్ ఎన్నిసార్లు పట్టించారు? కిందటి వేసవిలో పట్టించారా? కాయిల్‌కి అతుకు వేయించారా? ఇవి అమ్మినాయనకు, ఆయన మెకానిక్‌కి తప్ప మూడోవాడికి తెలిసే దారి లేదు. నా పట్టుదల ఇక్కడ మాత్రమే. వస్తువు మీద చేయించిన రిపేర్లు అడక్కుండానే చెప్పాలి. ఏటా గ్యాస్ పట్టించుకుంటూ వచ్చిన ఏసీని "సూపర్ కూలింగ్" అని రాసి అమ్మడం నాకు మింగుడు పడదు.

బేరం తెలిసినోడు

సరే, అమ్మేవాడు అన్నీ విప్పి చెప్పాలి. మరి కొనేవాడో? "మా అమ్మకి సార్, వేడికి తట్టుకోలేకపోతోంది" అని బతిమాలి రెండు వేలు తగ్గించుకున్నాడొకడు నా దగ్గర. మూడ్రోజులకి నా ఫ్రిజ్ నేను తీసిన ఫోటోతోనే అమ్మకానికి కనబడింది, నేనిచ్చిన దానికి రెట్టింపు ధరకి. ఫోటో అన్నా మార్చాలి కదా! అతను వ్యాపారి అని నాకు ముందే చెప్పాలా, వద్దా? అతనికి లేని నియమం నాకెందుకు?

ఎంవీపీ కాలనీ అమ్మడు

అతను అబద్ధం చెప్పాడు, తప్పే. దాన్ని చూపించి మీరు దాచుకుంటానంటే ఎలా అన్నయ్యా? మీ ఫ్రిజ్ వాడి దగ్గరికి వెళ్లాక పాడవ్వలేదు, మీకు రెండు వేలు పోయాయి. ఈయన బావమరిదికి ఎండాకాలమే పోతోంది.

కాగితాల కామేశం

బేరం గారి ప్రశ్నకు జవాబు: కొనేవాడు వ్యాపారా కాదా అన్నది మీ సరుకు బాగోగులకు సంబంధించిన సంగతి కాదు. వాళ్లమ్మ పేరు చెప్పి దిగొచ్చేలా చేయడం మాత్రం చిల్లరపనే.

గోపాలపట్నం ఏసీ మెకానిక్

మీరంతా తర్వాత కొట్టుకోవచ్చు. వాల్తేరు వాసి గారూ, ముందు లీకు ఎక్కడో తేల్చండి. మళ్లీ గ్యాస్ పట్టించకండి, డబ్బు దండగ. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బు నురగతో చూడమనండి. కొత్తగా బిగించిన ఫ్లేర్ నట్ దగ్గర బుడగలొస్తే ఆ లాసన్స్ బే ఆయనకు ఏ సంబంధం లేదు, మీ బిగించిన మనిషిని పిలవండి. కాయిల్ లోపల వస్తే అప్పుడు ఆయనకు వీడియో తీసి పంపండి. పాత అతుకు ఉందేమో కూడా వంపుల దగ్గర చూడమనండి, బ్రేజింగ్ చేసినచోట (మంటతో అతికినచోట) నల్లమచ్చ పోదు. కొత్త కాయిల్ వేయించడం మాత్రం వద్దు, మీరు పెట్టిన ధరలో సగం దాటొచ్చు.

వాల్తేరు వాసి

చాలా థాంక్స్ అండీ. ఆదివారం మా బావమరిది ఇంటికి వెళ్తున్నాను, నైట్రోజన్ ఉన్న మనిషినే పిలిపిస్తాం. అతుకు కనిపిస్తే ఫోటో ఇక్కడే పెడతాను.

బేరం తెలిసినోడు

పెట్టండి. అతుకు ఉంటే సగం డబ్బు తిరిగివ్వడం న్యాయం, అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. వట్టి తుప్పైతే మాత్రం రూపాయి ఇవ్వక్కర్లేదు, ఆ మాట మీద ఉన్నాను.

ఎంవీపీ కాలనీ అమ్మడు

అతుకు దాచి అమ్మితే సగం ఎందుకు, మొత్తం ఇవ్వాలి. ఏసీ వాళ్లే వచ్చి తీసుకెళ్లాలి, ఆటో ఖర్చు కూడా వాళ్లదే.