కన్యాశుల్కం నాటకం: హాలు డబ్బు శుక్రవారం లోపు కట్టాలి

శ్రీనివాస్: అందరికీ నమస్కారం. హాలుకు ఇంకా 1,800 డాలర్లు కట్టాలి. ఇస్తానన్న స్పాన్సర్ ఇందాకే ఫోన్ చేశారు. పిల్లలు చూసే నాటకంలో వేశ్య పాత్ర ఏమిటి, మధురవాణిని తీసేస్తేనే చెక్కు అన్నారు. పనుల లిస్టు: సెట్టు రవి, సౌండ్ కిరణ్, స్నాక్స్ పద్మక్క. ముందు ఈ డబ్బు సంగతి చెప్పండి.

రవి: తీసేద్దాం అన్నా. గిరీశం, వెంకటేశం సీన్లు చాలు.

పద్మ: మధురవాణి లేకపోతే కథ ఎలా నడుస్తుంది రవీ? సుబ్బి పెళ్లి తప్పించడానికి కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టడానికి సాయం చేసేది ఆవిడే. చివర నిజం బయటపెట్టేదీ ఆవిడే. మగపిల్లాడికి చీర కడితే అందరం నవ్వుతాం. డబ్బు తీసుకుని సుబ్బిని ముసలాడికి ఇస్తానన్న తండ్రిని చూసీ నవ్వుతాం. తెలివిగా మాట్లాడే ఆడది స్టేజీ ఎక్కితేనే పిల్లలు చెడిపోతారా?

సుధాకర్: గొడవెందుకమ్మా. పాతతరం నటుడు స్థానం నరసింహారావు గారు మధురవాణి వేశారు కదా. మగవాళ్లతో వేయిస్తే స్పాన్సర్ కూడా ఒప్పుకోవచ్చు.

అనూష: బాబాయ్ గారూ, స్థానం వారంటే నాకూ గౌరవమే. అప్పట్లో ఇళ్లల్లో ఆడవాళ్లను స్టేజీ ఎక్కనిచ్చేవారు కాదు. ఇప్పుడు నేనున్నాను. ఆరు వారాలుగా పాపను పడుకోబెట్టి, బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన నిలబడి డైలాగులు చెప్పుకుంటున్నాను. చివర్లో మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్లే సీనుకి మా ఆయన కోటు చేతులు మడిచి కుట్టుకున్నాను. నన్ను తీసేయాలంటే ఆ మాట నాకు ఫోన్ చేసి చెప్పండి.

రవి: నామీద అరిస్తే చెక్కు వస్తుందా?

పద్మ: నిన్నెవరూ అనలేదు. నా వంతు 200 రాసుకో శ్రీనూ.

కిరణ్: నాది 100. అన్నీ కలిపినా 1,800 కాదు. లైబ్రరీ మీటింగ్ రూమ్ ఉచితం, 90 మంది పడతారు. ఎనిమిదిన్నరకి మూసేస్తారు. అడగనా?

శ్రీనివాస్: అడుగు. ఏడంకాలూ ఆడలేం. పెళ్లి నాటకం, చివరి అంకం, అంతే. సెట్టు వద్దు, ఒక మంచం, రెండు కుర్చీలు చాలు.

సుధాకర్: అనూషా, తప్పుగా అన్నానమ్మా. రాత్రి మళ్లీ చదివాను. 1892లో విజయనగరంలో ఆడిన నాటకాన్ని గురజాడ 1909లో తిరగరాసినప్పుడు ఈ పాత్రను ఎంత పెంచారో! సౌజన్యారావు నేను వేస్తాను, నీతో రిహార్సల్‌కి ఎప్పుడు రమ్మంటావు?

అనూష: రేపు ఏడింటికి రండి బాబాయ్ గారూ. చెప్పులు బయట విడవండి, పాప నిద్రలో ఉంటుంది.

కిరణ్: రూమ్ దొరికింది.

రవి: సెట్టు లేదుగా, స్నాక్స్ నేను చూస్తాను. అక్కా, 90 మందికి పులిహోరకి బియ్యం ఎంత పోయాలి?

పద్మ: తొమ్మిది కిలోలు చాలు. చింతపండు ముందు రాత్రే నానబెట్టు. రేపు నువ్వూ రా, శిష్యుడి వేషం వేసే కుర్రాడికి చీర కుచ్చిళ్లు నిలవడం లేదు, పిన్నులు పట్టుకోవడానికి మనిషి కావాలి.